ఒత్తులు మింగిన పిల్ల

అనగనగా పెద్ద కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో, రెండు వైపులా డాబా ఇళ్ళున్న ఒక పొట్టి వీధి. ఆ వీధి చివరి ఇంట్లోకి కొత్తగా ఒక కుటుంబం అద్దెకి దిగింది. ఒక అమ్మ, ఒక నాన్న, వాళ్ళకో కూతురు. కూతురి పేరు ముగ్ధ. నీ అంతే ఉండేది తల్లీ, నీకన్నా ఓ వేలెడు పొట్టేమో.

వాళ్ళది నెల్లూరు వైపు. నాన్న రంగనాథం బట్టలు కుట్టేవాడు. ఈ ఊరి బజార్లో మంచి కొట్టు దొరికిందని కుట్టుమిషను లారీ ఎక్కించుకుని గోదావరి జిల్లాకి వచ్చేశాడు. అమ్మ పేరు వకుళ. ఆవిడ చేతికి ఏది దొరికినా అది ఇంకోటి అయిపోయేది.

ఎలాగంటావా? బెండకాయ కూర తరుగుతుందనుకో. తొడిమ పారేయదు. దాన్ని పసుపునీళ్ళలో ముంచి పాతగుడ్డ మీద అద్దితే పువ్వు పడుతుంది. పక్కన ఇంకోటి అద్దితే ఇంకో పువ్వు. కూర ఉడికేలోపల గుడ్డంతా తోట. కొబ్బరి చిప్పలు తాబేళ్ళయ్యేవి. నాన్న కొట్లోంచి తెచ్చిన గుడ్డపీలికలు జడలున్న బొమ్మలయ్యేవి. ముగ్ధ అమ్మ పక్కన కూచుని, అన్నీ చూసి, అన్నీ చేసేది.

అయితే ముగ్ధకి ఒక చిక్కుండేది.

మాటలో ఒత్తులుంటాయి చూడు, అక్షరం కింద ఇంకో చిన్న అక్షరం వేలాడుతూ ఉంటుంది, అవి ఆ పిల్ల నాలిక మీద నిలిచేవి కావు. అన్ని ఒత్తులూ కాదు. ఒకే అక్షరం రెండుసార్లు వస్తే ఏ పేచీ లేదు. అమ్మ, అన్నం, గువ్వ, ఇవన్నీ చక్కగా పలికేది. కానీ వేరే అక్షరం వచ్చి కింద చేరిందో, అది జారిపోయేది. పుస్తకం కాస్తా పుసతకం అయ్యేది. ఇడ్లీ ఇడిలీ అయ్యేది. ఆఖరికి తన పేరు తనకే ముగుద అయ్యేది.

ఇంట్లో దాన్నెవరూ పట్టించుకోలేదు. వకుళకి అలవాటైపోయి, ముగ్ధ వదిలేసిన ఒత్తు కూడా ఆ తల్లి చెవికి వినిపిస్తూనే ఉండేది. నాన్న అయితే ఒక గుడ్డబొమ్మని కుట్టి, దానికి ముగుద అని పేరు పెట్టి తెచ్చిచ్చాడు.

బయట మాత్రం అలా కుదరలేదు.

వచ్చిన కొత్తలో ఎదురింటి బాలాజీ వచ్చి నీ పేరేమిటని అడిగాడు. వాడు ఈ పిల్లకన్నా మూడేళ్ళు పెద్ద, వీధి పిల్లలకి నాయకుడు. ముగుద అంది. మొగుడా, అన్నాడు వాడు. పిల్లలందరూ నవ్వారు.

ఆ తర్వాత ఒకరోజు అమ్మ కోడిగుడ్లు తెమ్మని మూల కొట్టుకి పంపింది. గుడులు కావాలంది ముగ్ధ. కొట్టాయన మంచివాడే, కానీ సరదా మనిషి. గుళ్ళూ గోపురాలూ మా కొట్లో అమ్మం తల్లీ, అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు.

ఆ తర్వాత పిల్లలు రైలాట ఆడుతుంటే ముగ్ధ కూడా వెళ్ళింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వీధంతా తిరుగుతారు కదా, ఆ ఆట. కొత్తగా వచ్చింది కదా అని ముగ్ధని ఊళ్ళపేర్లు అరవమన్నారు. ఆ పిల్ల ఉత్సాహంగా రాజమండిరి సటేసను అని అరిచింది. రైలు అక్కడికక్కడే విరిగిపోయింది. బాలాజీ కడుపు పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. ఇది ఒత్తులు మింగే పిల్లరోయ్ అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది.

అప్పటినుంచి ముగ్ధ గడప దాటితే నోరు విప్పడం మానేసింది. ఏదన్నా కావాలంటే వేలు చూపించేది. ఎవరన్నా పలకరిస్తే తల ఊపేది. ఇంట్లో మాత్రం గుడ్డబొమ్మని ఒళ్ళో పెట్టుకుని గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. బయట ఆడుకునే పిల్లల్ని కిటికీ చువ్వల్లోంచి చూసేది. చూసి చూసి, ఆ ఆటనే బొమ్మతో ఆడేది.

వకుళకి దిగులు పట్టుకుంది. పిల్ల మాట తప్పు పలుకుతున్నందుకు కాదు. అసలు పలకడమే మానేస్తున్నందుకు.

వీధిలో వాళ్ళు తలో సలహా చెప్పారు. ఒకావిడ వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాయమంది. ఇంకొకావిడ రోజూ పొద్దున్నే కూచోబెట్టి వల్లె వేయించమంది. మరొకావిడ, నాలుగు దెబ్బలు వేస్తే నాలిక అదే తిరుగుతుందంది. వకుళ అందరి మాటా విని, అందరికీ కాఫీ ఇచ్చి పంపింది. మూడింటిలో ఒక్కటీ చెయ్యలేదు. పిల్లని దగ్గరికి తీసుకుని, నీ నాలిక ఇంకా చిన్నది బంగారూ, నీతోపాటు అదీ పెరుగుతుంది, అని మాత్రం చెప్పింది. కొందరు పిల్లలకి పళ్ళు ఆలస్యంగా రావూ? ఇదీ అంతే.

అలా ఉండగా కోతల కాలం వచ్చింది. కాలవ అవతల చేలన్నీ పసుపుపచ్చగా పండాయి. డాబాల మీద పిచ్చుకలు వాలడం మొదలుపెట్టాయి. ముగ్ధ సుద్దముక్క తీసుకుని వసారాలో ఒక పిచ్చుకని వేసింది. దాని పొట్ట ఎంత పెద్దదంటే, అమ్మ కాళ్ళు పెట్టడానికి చోటు లేకపోయింది.

అప్పుడు వకుళకి ఒక ఆలోచన వచ్చింది. ఇదే పిచ్చుకని డాబా మీద, డాబా అంత వేద్దాం అంది. రంగులతో కాదు, గింజలతో నింపుదాం అంది. రెక్కలకి మినుములు. తోకకి కందులు. మెడకి పెసలు. పొట్టకి మాత్రం వడ్లు.

వడ్లు తెలుసు కదూ? బియ్యానికి పైపొట్టు తియ్యక ముందు ఉండే గింజలు. ఎండలో బంగారంలా మెరుస్తాయి. పొద్దున్నే నిజం పిచ్చుకలు వచ్చి, ఈ బొమ్మ పిచ్చుకని ముక్కుతో పొడుచుకుని తినేస్తాయి. సాయంత్రానికి తయారయ్యే బొమ్మ, తెల్లారేసరికి ఎగిరిపోతుందన్నమాట.

ముగ్ధ చప్పట్లు కొట్టింది.

అయితే మినుములూ కందులూ పెసలూ ఇంట్లో ఉన్నాయి, వడ్లు లేవు. కొట్లో కొనుక్కురావచ్చు. కానీ వకుళ కొనదలుచుకోలేదు. వీధిలో ఇంటింటివాళ్ళూ తలా గుప్పెడు తెచ్చి పోస్తే అది అందరి బొమ్మ అవుతుంది, పిల్లలందరూ డాబా ఎక్కుతారు, అనుకుంది. ఆదివారం సాయంత్రం పెట్టుకుందాం, నేను వెళ్ళి అందరినీ పిలిచి వస్తాను, అని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

అప్పుడు ముగ్ధ లేచి నిలబడింది.

"నేను చెపుతా," అంది.

వకుళ చెయ్యి కుచ్చిళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల గుమ్మం బయట మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆవిడకి తెలుసు. పంపితే ఎవరన్నా నవ్వుతారేమో. నవ్వితే ఇంక ఎప్పటికీ మాట్లాడదేమో. పంపకపోతే, నీ వల్ల కాదులే అని తల్లే చెప్పినట్టవుతుందేమో. ఇన్ని ఆలోచనలూ ఒక్క క్షణంలో ఆవిడ తలలో తిరిగాయి.

ఏం చెబుతావో ఒకసారి నాకు చెప్పు, అంది చివరికి.

"రేపు సాయంతరం మా డాబా మీదికి రండి. బొమ్మ వేసుతున్నాం. గుప్పెడు వడులు తీసుకురండి."

వకుళ చెవికి అంతా సరిగ్గానే వినిపించింది. మరి తల్లి చెవి కదా, జారిపోయిన ఒత్తుని తానే ఎత్తి పెట్టుకుంది. బాగా చెప్పావు, వెళ్ళిరా, అని జడ సవరించి పంపింది. పంపిందే కానీ, ఆ పిల్ల తిరిగొచ్చేదాకా గుమ్మంలోంచి కదలలేదు.

ముందుగా ముగ్ధ ఎదురింటికి వెళ్ళింది. అది బాలాజీ వాళ్ళ ఇల్లు. వాళ్ళ మామ్మగారు మాణిక్యాంబ అరుగు మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. ముగ్ధ మెట్టు దగ్గరే ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. అమ్మ గుమ్మంలోనే ఉంది. అప్పుడు కళ్ళు మూసుకుని, మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

మామ్మగారు చేతిలో చింతపండు అలాగే పట్టుకుని, గుప్పెడు వడలా తల్లీ, అంది. అవునని ముగ్ధ గట్టిగా తల ఊపింది. ఆ పిల్ల అన్నదీ, మామ్మగారు అన్నదీ ఒక్కటే అనుకుంది పాపం. ముగ్ధ వెళ్ళాక మామ్మగారు ఆలోచించింది. మనం గారెలంటాం, వాళ్ళు నెల్లూరు వాళ్ళు కదా, వడలంటారు కాబోలు. లోపలికి వెళ్ళి మినప్పప్పు నానబోసింది.

ఆ తర్వాత ముగ్ధ పక్కింటికి వెళ్ళింది. ఆ ఇంటావిడ శేషారత్నం. ఆవిడ ప్రతిదీ గట్టిగా ఆలోచిస్తుంది. గారెలైతే గారెలనే అనేది, వడలని ప్రత్యేకంగా చెప్పిందంటే పప్పు వడలే అయ్యుంటాయి, అనుకుంది. ఆవిడ శనగపప్పు నానబోసింది.

ఆ తర్వాత సత్తిరాజు మేష్టారింటికి వెళ్ళింది. ఆయన లెక్కల మేష్టారు. ఒక్కడే ఉంటాడు, అన్నం వండుకోవడం తప్ప ఏమీ రాదు. గుప్పెడు వడలంటే ఎన్ని అని కాసేపు తన గుప్పిట చూసుకున్నాడు. గుప్పిట్లో వడ ఒకటికన్నా ఎక్కువ పట్టదు. ఒక్క వడ పట్టుకుని ఇంకొకరి ఇంటికి వెళితే ఏం బాగుంటుంది? బజారు హోటల్లో పొట్లం కట్టించుకుందాం, సాంబారు కూడా అడుగుదాం, అని నిశ్చయించుకున్నాడు.

అలా ఇల్లిల్లూ తిరిగి ముగ్ధ పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. చెప్పేశాను అమ్మా, అంది. అందరికీ చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు.

నిజమే కదా. ఎవరూ నవ్వలేదు. వాళ్ళందరూ వంటింట్లో ఉన్నారు.

ఆదివారం సాయంత్రం వకుళ డాబా కడిగింది. రంగనాథం కొట్టు మూసి వచ్చి, తాడు పట్టుకుని గీతలు కొలిచాడు. ముగ్ధ సుద్దముక్కతో పిచ్చుకని వేసింది. ముక్కు ఒక మూల, తోక ఇంకో మూల. మినుములు పోసి రెక్క నింపారు. కందులు పోసి తోక నింపారు. పెసలు పోసి మెడ నింపారు. పొట్ట మాత్రం ఖాళీగా ఉంచారు. వడ్లు వచ్చి నింపుతాయి కదా.

మెట్ల మీద చప్పుడయింది. ముందు పిల్లలు, వెనక పెద్దవాళ్ళు. పిట్టగోడ మీదికి ఎవరూ ఒరగకండి అని వకుళ ముందే చెప్పింది. డాబా ఎక్కితే మొదట గుర్తు పెట్టుకోవాల్సింది అదే. అందరూ ఆ బొమ్మని చూసి, అబ్బో ఎంత పిచ్చుక, అన్నారు. ముగ్ధ తోక పక్కన నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళ చేతుల్లోకీ చూసింది.

ఒకరి చేతిలో గిన్నె, పైన మూత. ఒకరి చేతిలో స్టీలు డబ్బా. మేష్టారి చేతిలో నూనె ఓడుతున్న పొట్లం.

వకుళ గిన్నె మూత తీసింది. గారెలు. డబ్బా మూత తీసింది. పప్పు వడలు. పొట్లం విప్పింది. హోటలు వడలు, చిన్న సంచీలో సాంబారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళవీ అంతే. డాబా అంతా కరివేపాకు వాసన.

వకుళకి ఏమీ అర్థం కాలేదు. మాణిక్యాంబ మామ్మగారేమో, గుప్పెడు అంది కానీ ఇంతమంది పిల్లలకి ఏం సరిపోతుందమ్మా, ఓ వాయి ఎక్కువే వేశాను, అంటోంది. రంగనాథం భార్య మొహం చూశాడు. భార్య ఖాళీగా ఉన్న పిచ్చుక పొట్ట చూసింది.

అందరికన్నా ముందు, బళ్ళో పుస్తకంలో వడ్లు అన్న మాట చదివిన బాలాజీకి వెలిగింది.

"వడ్లు అనబోయి వడలు అంది. ఒత్తు మింగేసింది," అన్నాడు.

వాడు వెక్కిరిద్దామని అనలేదు. లెక్కకి జవాబు దొరికినవాడిలా అన్నాడు. కానీ పిల్లలు నవ్వారు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళకీ నవ్వొచ్చి పైట అడ్డం పెట్టుకున్నారు.

ముగ్ధ చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక నక్కింది.

వకుళ వెళ్ళి పిలిచింది. ఎవరూ ఏమీ అనుకోలేదు బంగారూ, రా, అంది. ముగ్ధ మోకాళ్ళలో తల దాచుకుంది. పెదాలు రెండూ లోపలికి మడిచి పంటితో పట్టుకుంది, మాట పొరపాటున కూడా బయటికి రాకుండా. ఆ పెదాలు చూసి వకుళ అక్కడే చతికిలబడింది. నిన్న ఆ పిల్లని పంపింది తనే కదా.

అప్పుడు మామ్మగారు మోకాళ్ళ మీద చేతులేసుకుని లేచింది. ఇంతకీ ఆ వడ్లంటే ఏమిటమ్మా, అని అడిగింది. వకుళ చెప్పింది. మామ్మగారు ముక్కున వేలేసుకుంది.

"ధాన్యమా? మా వైపు ధాన్యం అంటామమ్మా. నీ కూతురు ఎంత చక్కగా పలికినా నేను గారెలే వేసి ఉందును," అంది.

విన్నావా తల్లీ? ఒకే గింజకి ఒక ఊళ్ళో ఒక పేరు, ఇంకో ఊళ్ళో ఇంకో పేరు. వీళ్ళు వడ్లంటే వాళ్ళకి అలవాటు లేని మాట. తప్పు పిల్లది కాదు, ఒత్తుది అంతకన్నా కాదు. అందరూ తలలూపారు. మామ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ ట్యాంకు వెనక ఉన్న పిల్లకి ఆ నిజంతో పని లేదు. నవ్వు వినిపించింది, అంతే. ముగ్ధ బయటికి రాలేదు.

శేషారత్నం ఇంక ఏం చెయ్యాలో తోచక, చల్లారిపోతాయి తినండర్రా, అని తలో గారె పిల్లల చేతుల్లో పెట్టింది. వేడి గారె చేతిలో పడితే ఎవరాగుతారు? బాలాజీ సగం గారె ఒకేసారి నోట్లో కుక్కేశాడు.

అప్పుడు మామ్మగారు మనవణ్ణి చూసింది. చూసి, తీరిగ్గా అడిగింది.

"ఏరా బాలాజీ, ఇందాక ఆ మాట భలే పలికావు. ఏదీ, ఒకసారి చెప్పు."

"వవ్వు," అన్నాడు బాలాజీ.

ఇంకోసారి, అంది మామ్మగారు.

"వవ్వూవు," అన్నాడు. గారె ముక్క ఒకటి ఎగిరి మేష్టారి చొక్కా మీద పడింది.

పక్కనున్న పిల్ల, నేను చెబుతానుండు, అని తనూ గారె నోట్లో పెట్టుకుంది. వయ్యు అంది. ఇంకోడు వహు అన్నాడు. మేష్టారు, ఇలా కాదర్రా, నాలిక పైపళ్ళకి ఆనించాలి, అని పాఠం మొదలుపెట్టి, ఉదాహరణకి తానూ హోటలు వడ కొరికి, వళ్ళు అన్నాడు. శేషారత్నం ఎంతో జాగ్రత్తగా నమిలి, బుగ్గన పెట్టుకుని, వలుపు అంది. రంగనాథం ప్రయత్నించాడు. వకుళ కూడా ప్రయత్నించింది. డాబా మీద ఇంతమంది ఉంటే ఒక్కరికీ ఒత్తు పలకలేదు.

ట్యాంకు వెనక ముగ్ధ తలెత్తింది. ముందు చెవులు నమ్మలేదు. ఆ తర్వాత మెల్లగా ఒక కన్ను బయట పెట్టింది. మేష్టారు కూడానా, అనుకుంది. ఎంత పెద్ద మేష్టారు.

ఆ తర్వాత ఇంక ఆగలేకపోయింది. బయటికి వచ్చి బాలాజీ ముందు నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ముందు మింగాలి. నోటిలో పెట్టుకుని మాటలాడితే రాదు," అంది.

బాలాజీ బుద్ధిగా మింగాడు. మింగి, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నీ నోట్లో ఏం లేదు కదా, మరి నీకెందుకు రాదు?

ఒక్క క్షణం ముగ్ధ పెదాలు మళ్ళీ లోపలికి వెళ్ళబోయాయి. వెళ్ళలేదు.

"నా నాలిక ఇంకా చిన్నది. పెరుగుతోంది," అంది.

ఏదీ చూపించు, అన్నాడు బాలాజీ. ముగ్ధ నాలిక చాచి చూపించింది. వాడూ చాచి పక్కన పెట్టి చూశాడు. మిగతా పిల్లలందరూ కూడా వరసగా నిలబడి నాలికలు చాచారు. మేష్టారు స్కేలు లేకపోయినా కంటితో కొలిచి, అవును, బాలాజీది కొంచెం పొడుగు, అని తీర్పు చెప్పాడు. నాది నల్లగా కూడా ఉంది, నేరేడుపళ్ళు తింటే ఇంకా నల్లగా అవుతుంది, అని బాలాజీ గొప్పలు పోయాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది. పిల్లలకి అంతే కదా. ఎందుకో తెలిస్తే చాలు, మళ్ళీ నవ్వాల్సిన పని ఉండదు.

మరి పిచ్చుక పొట్టో?

ధాన్యమైతే మా ఇంట్లో బస్తాలున్నాయి, ముందే అనొచ్చు కదమ్మా, అంది మామ్మగారు. పిల్లలు దబదబా మెట్లు దిగి పరిగెత్తారు. ముగ్ధ కూడా వాళ్ళ మధ్యలో పరిగెత్తింది. గుప్పిళ్ళ నిండా ధాన్యం పట్టుకుని, దారంతా సగం ఒలకబోసుకుంటూ వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. పిచ్చుక పొట్ట నిండింది. సాయంత్రపు ఎండ పడి అది నిజంగానే బంగారంలా మెరిసింది.

అంతా అయ్యాక చూస్తే, కన్ను పెట్టడం మరిచిపోయారు. ఏం పెడదామని పెద్దవాళ్ళు ఆలోచిస్తున్నారు. మిరియం అన్నారొకరు. చింతగింజ అన్నారు ఇంకొకరు. ముగ్ధ ఏమీ అనకుండా వెళ్ళి మామ్మగారి గిన్నెలోంచి ఒక గారె తెచ్చి పెట్టింది. గుండ్రంగా కన్ను, మధ్యలో చిల్లు కంటిపాప. అంత చక్కని కన్ను ఏ పిచ్చుకకీ ఉండదు. అది చూసి వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. వకుళ మాత్రం కొట్టలేదు. ఆవిడ రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో రంగనాథానికి కూడా తెలియలేదు.

తెల్లారాక పిల్లలందరూ చప్పుడు చెయ్యకుండా మెట్ల మీద కూచుని తొంగిచూశారు. పిచ్చుకలు వచ్చాయి. రెక్క దగ్గర కొన్ని, తోక దగ్గర కొన్ని, పొట్ట నిండా బోలెడు. కన్ను మాత్రం ఒక కాకి వచ్చి ఎత్తుకుపోయింది. పొట్ట తగ్గిపోతున్నకొద్దీ ముగ్ధ, బాలాజీ చెవిలో ఏవేవో చెబుతూనే ఉంది. ఎన్ని ఒత్తులు జారిపోయాయో వాడు లెక్కపెట్టలేదు. వాడికి అసలు వినిపించలేదేమో కూడా.

ఆ తర్వాత వకుళ డాబా మీద ప్రతి ఆదివారం ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది. ఒకవారం బెండకాయ అచ్చులతో వీధికంతటికీ చేతిగుడ్డలు. ఇంకోవారం కొబ్బరి చిప్పల ఊరేగింపు. మామ్మగారు పిల్లల చేత విస్తళ్ళు కుట్టించేది. మేష్టారు గాలిపటాలకి కొలతలు గీసిచ్చేవాడు, ఒకటీ ఎగరకపోయినా. శేషారత్నం ప్రతిదానికీ గట్టిగా ఆలోచించేది. అందరినీ పిలిచే పని మాత్రం ముగ్ధదే. ఇల్లిల్లూ తిరిగి చెప్పి చెప్పి, ఆ పిల్ల గొంతు వీధి చివరనుంచి వినిపించేది. ఒత్తులా? ఒక్కొక్కటీ దానంతట అదే వచ్చి కూచుంది. ముందు ఇడ్లీ వచ్చింది. తర్వాత పుస్తకం వచ్చింది. ఒకరోజు అద్దం ముందు నిలబడి ముగ్ధ, ముగ్ధ, ముగ్ధ అని వందసార్లు అనుకుంది. వకుళ వంటింట్లోంచి విని, పోపు మాడ్చేసింది.

మళ్ళీ కోతల కాలం వచ్చింది. మళ్ళీ పిచ్చుక వేసే రోజు వచ్చింది. ముగ్ధ పిలుపులకి బయలుదేరింది. పక్కన బాలాజీ. ఎదురింటి అరుగు మీద మామ్మగారు.

రేపు సాయంత్రం మా డాబా మీదికి రండి మామ్మగారూ, అంది ముగ్ధ. సాయంత్రం అన్న మాటలో ఒత్తు గంట కొట్టినట్టు పలికింది. మామ్మగారు మురిసిపోయింది. మరి ఏం తెమ్మంటావే, అని అడిగింది.

ముగ్ధ ఆగింది. బాలాజీ వైపు చూసింది. వాడూ ఈ పిల్ల వైపు చూశాడు. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది.

ముగ్ధ ఒత్తుని నాలిక మీద పెట్టుకుని, చక్కగా, కావాలనే, మింగేసింది.

"గుప్పెడు వడులు," అంది.

మామ్మగారు ఇంకో మాట అడగలేదు. కొంగు దోపుకుని మినప్పప్పు నానబొయ్యడానికి లోపలికి వెళ్ళింది.

గుప్పెడు గింజలు పిచ్చుకకి,
గుండ్రటి గారె బొజ్జకి,
జారిన ఒత్తు నాలికకి,
కథేమో నడిచింది కంచికి,
కళ్ళేమో నడిచాయి నిద్దరకి.